అమ్మ ముక్కు, పంతొమ్మిదో రోజు

తబ్రీజ్‌లో మంచు ఇంకా కరగలేదు.
మూడో అంతస్తు గదిలో డాక్టర్ బహ్‌రామ్‌పూర్
అమ్మ మొహం మీదే
ఊదా పెన్నుతో రెండు గీతలు గీశాడు.
"ఈ గూని తీసేస్తాను, కొన కాస్త ఎత్తుతాను.
పత్రికలో చూసిన ముక్కు మాత్రం అడక్కండి,
అది ఆ మొహానికే సరిపోతుంది" అన్నాడు.
ముక్కుసూటి మనిషి.

అమ్మకి యాభై ఎనిమిది.
ముప్పై ఒక్క ఏళ్లు బూట్ల కార్ఖానాలో
అడుగుల అట్టలకి జిగురు రాసింది.
ఎందుకమ్మా ఇప్పుడు, అంటే
చక్కెర ముక్క పంటి కింద పెట్టి, టీ చప్పరించి,
"చేతులు కార్ఖానా తీసుకుంది,
నడుం మీరు ముగ్గురూ తీసుకున్నారు,
ముక్కు ఒక్కటీ నాకు నచ్చినట్టు ఉండనీ" అంది.
వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.
ఆ ముక్కుల్లో సగం ఆ డాక్టరు చేతివే.

నేనేం మాట్లాడలేదు.
ఆ గూని నా మొహంలోనూ ఉంది.
ఆమె వద్దనుకున్నదాన్ని
ఏడో తరగతి నుంచీ అద్దంలో మోస్తున్నాను.
సాక్షి సంతకం దగ్గర నా వేలు కాసేపు ఆగింది.
రక్తం ఆగకపోవడం, ఊపిరికి అడ్డు, రెండోసారి కోత,
అనుకున్నట్టు రాకపోవడం,
అన్నీ చీమల్లాంటి అక్షరాల్లో.

రెండున్నర గంటలు.
తోసుకొచ్చిన మంచం మీద
ముక్కుకి తెల్ల పలక, కళ్ల కింద
చితికిన మల్బరీ పళ్లు.
మొదటి మాట: "దాహం."
రెండో మాట: "బావుందా?"
కట్టు కింద ఏముందో నాకేం తెలుసు.
బావుందన్నాను.

చెప్పినవన్నీ జరిగాయి, చెప్పిన వరుసలో మాత్రం కాదు.
మూడో రోజు పెరుగుతుందన్న వాపు
రెండో రాత్రే కళ్లు మూసేసింది.
నాలుగు దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి నిద్రపుచ్చాను.
చీదకూడదు. వంగకూడదు.
తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి.
కళ్లజోడు ముక్కు మీద ఆనకూడదని
దారం కట్టి నుదుటికి టేపుతో అతికిస్తే
అలాగే సీరియల్ చూసింది, రాణిలా.
నవ్వకూడదన్నది మాత్రం మా వల్ల కాలేదు.
సోల్మాజ్ అత్త గుమ్మంలోంచే "ముక్కెక్కడే?" అంది,
అమ్మ తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించింది,
ఇక కుట్లు పట్టుకుని
నవ్వూ ఏడుపూ ఒకేసారి.

ఏడో రోజు పలక తీశారు.
అద్దం అడిగి తీసుకుంది. చాలాసేపు చూసింది.
"ఎవరిదే ఈ ఉడికిన బంగాళాదుంప?"
డాక్టరు నవ్వలేదు.
"వాపు పైన ముందు దిగుతుంది, కొన దగ్గర ఆఖర్న.
ఏడాది తిరిగితే గానీ
నేనేం చేశానో నాకూ తెలీదు" అన్నాడు.
ఆ రాత్రంతా కొన తడుముకుంటూనే ఉంది,
మొద్దుబారి, అరువు తెచ్చుకున్న వస్తువులా.

కాగితంలో ఒక మూల ఉండే ఉంటుంది, మేం చదవలేదు:
వాసనలు వెళ్లిపోయాయి.
ఉల్లిపాయ బొగ్గయ్యేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది.
గులాబీ నీళ్లు మంచినీళ్లనుకుని
కిటికీలో మొక్కకి పోసింది.
వస్తాయన్నారు. ఎప్పుడని చెప్పలేదు.
పుల్లటి దానిమ్మ గింజ నమిలి
"తడిగా ఉంది" అందంతే.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం
వంటింటి తలుపు వెనక తగిలించిన
కార్ఖానా నాటి ఏప్రాన్ ఉతకడానికి తీస్తూ
నిలబడిపోయింది.
జిగురు.
రోజూ తలనొప్పి తెచ్చిన జిగురు,
ఎన్నిసార్లు తలంటుకున్నా జుట్టు వదలని జిగురు,
చిన్నప్పుడు నిద్రలోనే నాకు
అమ్మ వచ్చిందని చెప్పిన జిగురు.
ఆ గుడ్డని కొత్త ముక్కుకి ఆనీ ఆనకుండా పట్టుకుని
వెక్కివెక్కి ఏడ్చింది,
డాక్టరు చెప్పినట్టే నోరు తెరిచి.

ఏప్రాన్ ఉతకలేదు.
పక్కనే నిలబడ్డాను నేను, పాత ముక్కుతో.
నాకూ అదే వాసన.